మనిషి విమానమెక్కకముందు ఇంట్ల ఏమేం కాగితాలుండాలె?

సంఘం_లెక్కలు
గ్రామ సంఘం లెక్కలు చూసేటోళ్ళకు రోజూ తగిలే ముచ్చట ఇది. ఇంటాయన గల్ఫ్‌ల ఉంటడు, ఇంటామె ఇక్కడుంటది. పొలం ఆమెనే చేపిస్తది, పిల్లల ఫీజులు ఆమెనే కడ్తది, అత్తమామల మందులు ఆమెనే తెస్తది. గని పాసుబుక్కు ఆయన పేరు మీద, పైసలు పడే ఖాతా మామ పేరు మీద, ఓటీపీ వచ్చే సిమ్ము మరిది జేబుల. పంట రుణం రెన్యువల్‌కు సంతకం కావాలంటే ఆయన లేడు. ఏ కంపెనీల చేస్తున్నడమ్మా అంటే "దుబాయిల" అంటది. పాసుపోర్టు జిరాక్సు దొరికినంక చూస్తే అది ఒమన్ వీసా.

పోయేటోళ్ళను ఆపేది మన చేతుల లేదు. పోకముందు పదిహేను రోజులల్ల ఏమేం చేసుకోవాలెనో తెలిసినోళ్ళు రాయుర్రి. జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూర్ దిక్కే కాదు, కడప, కోనసీమ దిక్కు ఎట్ల నడుస్తదో కూడా కావాలె. సంఘం మీటింగుల చదివి వినిపిస్త.

షార్జా_రూమ్‌మేట్
మొదలు ఒక ఫైలు. పాసుపోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా కాగితం, కాంట్రాక్టు, ఏజెంటుకు కట్టిన ప్రతి రసీదు. అక్కడికి చేరిన వారంల ఇంకో నాలుగు రావాలె: కంపెనీ పేరు (ఇంగ్లీషుల, అరబ్బీల రెండూ), క్యాంపు ఉన్న ఏరియా, కంపెనీ పీఆర్వో (వీసా కాగితాలు చూసేటోడు) నంబరు, ఒకే గదిల ఉండే ఇద్దరి నంబర్లు. అకామానో, ఎమిరేట్స్ ఐడీనో, బతాకానో, అక్కడి గుర్తింపు కార్డు ఏదైనా చేతికొచ్చిన రోజే రెండు దిక్కుల ఫొటో తీసి పంపాలె. రెన్యువల్ అయినప్పుడల్ల కొత్తది పంపాలె.

అన్నీ వాట్సాప్‌ల ఉన్నయి అంటరు. ఫోను నీళ్ళల్ల పడ్డ రోజు అన్నీ పోతయి. జిరాక్సు తీసి బట్టల పెట్టెల పెట్టుకోవాలె.

వరినారు
రూమ్‌మేట్ చెప్పిన దాంట్ల ఆ ఇద్దరి నంబర్లే అన్నిటికన్న విలువైనయి. కంపెనీ ఫోను ఎత్తకపోయినా పక్క మంచం మనిషి ఎత్తుతడు.

ఓటీపీ_తిప్పలు
సిమ్ము సంగతి. 90 రోజులు వాడకపోతే సిమ్ము కంపెనీ నంబరును ఆపేయొచ్చు. బ్యాలెన్సు 20 రూపాయలుంటే అవి కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచుతారు. ఆ తర్వాత నంబరు ఇంకొకరికి పోతుంది. బ్యాంకుకు, ఆధార్‌కు లింకైన నంబరు అలా పోతే, సెలవు మీద వచ్చేదాకా ఖాతా తాళం తీయడం కష్టం.

అందుకని ఎగిరే ముందు ఆ సిమ్ములో రోమింగ్ ఆన్ చేయించి తనతోనే తీసుకెళ్ళాలి. రోమింగ్‌లో మెసేజ్ అందుకోవడానికి మామూలుగా డబ్బులు పడవు. ఇంట్లో ఆమె ఫోన్లో రిమైండర్ పెట్టుకుని అన్నిటికన్నా చిన్న ప్లాన్ వేస్తూ ఉంటే చాలు. ఇంట్లో ఖాతాకు మాత్రం ఆమె సొంత నంబరే లింకవ్వాలి. మరిది నంబరు వద్దు, ఎంత మంచివాడైనా.

అకామా_98
పై పోస్టులన్నీ సరైన వీసా మీద పోయినోళ్ళకు. అసలు దెబ్బ వీసాల దగ్గరే తగుల్తది.

పది పాసు కానోళ్ళది ఈసీఆర్ పాసుపోర్టు, అంటే పనికి పోవాలంటే సర్కారు అనుమతి కావలసినది. గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు పడాలె. అది పడితే మూడు లాభాలు. కాంట్రాక్టు ఈ-మైగ్రేట్‌ల (కేంద్ర సర్కారు సైటు) ఎక్కుతది. ఏజెంటు లైసెన్సు నంబరు బయటపడ్తది. ప్రవాసీ భారతీయ బీమా ఉంటది: రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375, ప్రమాదంల పోయినా పూర్తిగ అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. 275 రూపాయల కాగితం ఇంట్ల లేక 10 లక్షలు అడుగలేకపోయిన కుటుంబాలు ఉన్నయి.

విజిట్ వీసా మీద ఎక్కిచ్చి "అక్కడ మార్పిస్తం" అంటే ఈ మూడూ లేనట్టే. కాంట్రాక్టు లేదు కాబట్టి జీతం ఆగినా లేబర్ కోర్టుల నిలబడేది కష్టం. ఆజాద్ వీసా అంటే కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఒకడు, పని ఇంకొకడి దగ్గర. కఫీల్ "పారిపోయిండు" అని రాపిచ్చిండంటే సౌదీల అది హురూబ్. అకామా రెన్యువల్ కాదు, మామూలుగ ఇంటికి రానియ్యరు. ఖల్లివెల్లి అయిన, అంటే కాగితాలు లేకుండ మిగిలిన మనిషి దవాఖానకు పోవాలన్నా భయపడ్తడు. ఇక్కడ తండ్రి చచ్చిపోయినా, బిడ్డ పెండ్లయినా ఫోన్లనే చూస్తడు.

పసుపుకొమ్ము
@అకామా_98 ఇంట్లోళ్ళు ఏజెంటును ఏమడగాలెనో కూడా చెప్పన్నా.

అకామా_98
లైసెన్సు నంబరు అడగాలె, ఈ-మైగ్రేట్ సైటుల కొట్టి "యాక్టివ్" ఉన్నదా చూడాలె. సబ్ ఏజెంటు అనేటోనికి చట్టంల జాగనే లేదు. సర్వీసు ఛార్జీ 30 వేలు దాటొద్దు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. అంతకన్న ఎక్కువ అడిగితే రసీదు ఇయ్యమనాలె. ఇయ్యడు. గందుకే పైసలు చేతికియ్యొద్దు, ఖాతాల వెయ్యాలె.

చక్రవడ్డీ
అప్పు లెక్క ఎవరూ వేయట్లేదు, నేను వేస్తాను. ఏజెంటుకు, టికెట్టుకు, మెడికల్‌కు కలిపి లక్షా యాభై వేలు 3 రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు వడ్డీయే 4,500. జీతం 1,000 దిర్హంలు, 23 రూపాయల లెక్కన 23 వేలు. మెస్సు, ఫోను, సబ్బులు కలిపి 350 దిర్హంలు తీస్తే మిగిలేది 14,950. ఇంటికి 6 వేలు పంపి 8,950 అప్పుకు కడితే అప్పు తీరేసరికి 24 నెలలు. అంటే రెండేళ్ళ కాంట్రాక్టు మొత్తం అప్పుకే.

అదే లక్షన్నర సంఘంలో రూపాయి వడ్డీకి దొరికితే 19 నెలలు. ఏజెంటు చట్టం ప్రకారమే తీసుకుని మొత్తం ఖర్చు 60 వేల దగ్గర ఆగితే, 3 రూపాయల వడ్డీ అయినా 8 నెలల్లో బయటపడతారు. నెలకు 6 వేలతో రెండేళ్ళు గడిపేది మాత్రం ఇంట్లో ఆమె. బంగారం కుదువకు పోయేది, పిల్లవాడు ప్రైవేటు బడి మానేది ఆ రెండేళ్ళలోనే.

సంఘం_లెక్కలు
ఈ లెక్క బోర్డు మీద రాస్త. ఆరు వేలల్ల ముసలోళ్ళ బీపీ మందులు కూడా పోతయి.

పసుపుకొమ్ము
పైసలు భార్య ఖాతాలనే పడాలె, నాది ఒకటే మాట. మామ ఖాతాల పడితే నూనె పాకెట్‌కు కూడా చెయ్యి చాపాలె.

ఊరి_పెద్దాయన
అట్ల ఒక్కమాట మీద తేల్చుడు సరికాదు. కొడుకును అప్పు చేసి పంపింది తల్లిదండ్రులు, ప్రోనోటు మీద సంతకం తండ్రిది. కోడలి ఖాతాల పడ్డ పైసలు పుట్టింటికి పోతయని ముసలోళ్ళకు భయం ఉంటది. ఆ భయం ఉత్తదే అనుడు సులువు. అప్పులోడు వచ్చి కూసునేది ముసలాయన అరుగు మీదనే.

పసుపుకొమ్ము
పెద్దాయనా, భయం నిజమే. గని ఆ భయంతోని మనవరాలి ఫీజు ఆగితే ఎవలకు నష్టం? అప్పు ఎవలికెంత కట్టాలెనో ఆమెకు తెలిస్తె ఆమెనే కడ్తది. తెల్వనియ్యరు, అదీ బాధ.

బ్యాంకు_టోకెన్
ఇద్దరి మాటా కుదిరే పద్ధతి ఉంది. అక్కడ నుంచి రెండు చోట్లకు పంపితే రెండుసార్లు ఛార్జీ పడుతుంది. అంతా భార్య ఖాతాకే పంపి, ఆ ఖాతా నుంచి ప్రతి నెల 5వ తేదీన అత్తమామల ఖాతాకు ఇంత అని స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వాలి. ఒక్కసారి ఫారం ఇస్తే చాలు. ముసలివాళ్ళు ఎవరినీ అడగక్కర్లేదు, కోడలు రోజూ లెక్క చెప్పక్కర్లేదు. జీతం ఆలస్యమైన నెల కూడా పంపకం పోవాలంటే ఖాతాలో ఒక నెల సొమ్ము అడుగున ఉంచాలి. అది మరిచిపోతే ఇన్‌స్ట్రక్షన్ ఫెయిలవుతుంది, గొడవ మళ్ళీ మొదలు.

ఇంకొకటి. విదేశం పోయాక అతని మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్నారో (NRO, విదేశంలో ఉండేవాళ్ళకు ఇక్కడి ఆదాయం పడే ఖాతా)గా మార్పించాలి, అది రూలు. ఎన్నారోలో భార్యను జాయింటుగా పెట్టొచ్చు. ఎన్‌ఆర్‌ఈ (NRE, అక్కడి సంపాదన పంపుకునే ఖాతా)లో దగ్గరి బంధువును "ఫార్మర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలో చేర్చొచ్చు, అతను బతికున్నంత కాలం ఆమె మాండేట్ (అతను బ్యాంకుకు రాసిచ్చిన అనుమతి) మీద ఇక్కడి చెల్లింపులు చేయొచ్చు. సౌదీ, యూఏఈ, ఒమన్, ఖతార్ నంబర్లతోనే ఎన్నారై ఖాతాలకు యూపీఐ ఇచ్చే బ్యాంకులున్నాయి. ఈ దేశాల వాళ్ళకు ఓటీపీ_తిప్పలు చెప్పిన చిక్కు సగం తగ్గుతుంది.

హుండీ, అంటే బ్యాంకు కాకుండా చేతి మార్పుతో పంపేది, వద్దు. రేటు రూపాయి ఎక్కువిస్తాడు, కానీ రేపు భరణం కేసైనా, బీమా అయినా, ఇంటి లోన్ అయినా "ఇంత పంపేవాడు" అని చూపడానికి చిటికెడు రుజువుండదు.

నోటరీ_బల్ల
పవర్ ఆఫ్ అటార్నీ గురించి, అంటే తన బదులు సంతకం పెట్టే హక్కు రాసివ్వడం. ఊళ్ళో 'జీపీఏ రాసిచ్చి పో' అంటారు. అన్నిటికీ ఒక్క జనరల్ పవర్ ఇవ్వొద్దు, అన్నదమ్ములకైతే అసలే వద్దు. భూమి అమ్మేసిన కేసులు అక్కడే పుడతాయి. స్పెషల్ పవర్ రాయించండి, ఏ పనికో పేరుపేరునా: పంట రుణం రెన్యువల్, కరెంటు మీటరు, ధాన్యం అమ్మకం సొమ్ము, కౌలు ఒప్పందం. "అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు లేదు" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి.

వెళ్ళిపోయాక గుర్తొస్తే, అక్కడి భారత ఎంబసీలో సంతకం పెట్టి పంపాలి. అది ఇక్కడ చేతికొచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. చాలామంది కవరు బీరువాలో పెట్టి ఏడాదికి తీస్తారు, అప్పటికి గడువు అయిపోయి ఉంటుంది.

అసలు మాట ఇది: రాసిచ్చిన మనిషి చనిపోయిన క్షణం పవర్ కూడా చనిపోతుంది. ఆ తర్వాత దానితో ఒక్క రూపాయి తీసినా తప్పే. కాబట్టి పవర్ ఉంది కదా అని నామినేషన్ మానొద్దు. ప్రతి ఖాతాకూ, ఎల్‌ఐసీకీ నామినీ ఎవరో చూసుకోవాలి. పెళ్ళికి ముందు తెరిచిన ఖాతాల్లో ఇంకా తల్లి పేరో, అన్న పేరో ఉంటుంది. బ్యాంకు ఖాతాలో నామినీ అంటే సొమ్ము తీసుకుని వారసులకు ఇవ్వాల్సిన మనిషి మాత్రమే, యజమాని కాదు.

కోనసీమ_కాలువ
మీరంతా మగాళ్ళు వెళ్ళే సంగతే మాట్లాడుతున్నారండి. మా వైపు రాజోలు, అమలాపురం, అటు నరసాపురం నుంచి వెళ్ళేది ఆడవాళ్ళు. కువైట్‌లో ఇంటిపనికి. అప్పుడు ఇక్కడ ఇల్లు తల్లి లేని ఇల్లండి. డబ్బులు మొగుడి ఖాతాలో పడతాయి, తాగుడుకి పోతే అడిగేవాళ్ళుండరు. పసుపుకొమ్ము గారి మాట ఇక్కడ తిరగబడుతుంది. ఆవిడ పేరునే ఖాతా ఉండాలి, అందులోంచి పిల్లల్ని చూసే అమ్మమ్మకి నెలనెలా వెళ్ళాలి.

రాయచోటి_గొర్రెలు
అవునక్కా, మా కడప వైపు కూడా అంతే. రాజంపేట, రైల్వే కోడూరు నుంచి కూడా పోతాండారు. కువైట్‌లో ఇంటిపని వీసాను ఖాదిం వీసా అంటారు, అదే ఆర్టికల్ 20. కంపెనీ వీసా ఆర్టికల్ 18. ఖాదిం మీద పోయి బయట పనిచేస్తే చట్టం కింద తప్పే, దొరికితే పంపించేస్తారు. ఈసీఆర్ పాసుపోర్టున్న ఆడమనిషి 30 ఏళ్ళ లోపుంటే ఇంటిపనికి క్లియరెన్సు ఇయ్యరు. అందుకే వయసు మార్చి పాసుపోర్టులు తీస్తారు, అదే మెడకు చుట్టుకుంటాది. మన ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఉండాయి, విదేశాలకు పనికి పంపే సంస్థలు, ప్రభుత్వానివే. ఆడవాళ్ళు ఇంటిపనికి పోతే ఆ దారినే పోవాల.

కోనసీమ_కాలువ
అక్కడ ఫోను యజమానురాలి చేతిలో ఉండే ఇళ్ళూ ఉంటాయండి. ముందే ఒక మాట అనుకోవాలి. "మామిడిచెట్టు కాసిందా" అని అడిగితే బాగాలేదని అర్థం, అలాంటిది. వినడానికి చిన్నదే, కానీ పక్కన మనిషి నిలబడి వింటుంటే అదొక్కటే దారి. ఆ మాట వచ్చిన రోజే ఇక్కడ వాళ్ళు మదద్ పోర్టల్‌లో (విదేశాంగ శాఖ ఫిర్యాదుల సైటు) ఫిర్యాదు పెట్టాలి. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 1800 11 3090 కూడా ఉంది.

బడిపంతులు
పిల్లల సంగతి ఇంతసేపూ ఎవరూ ఎత్తలేదు. తండ్రి వెళ్ళిన మొదటి ఆరు నెలలు బడిలో తేడా తెలిసిపోతుంది. హోంవర్కు ఆగుతుంది, ఏడెనిమిది తరగతుల మగపిల్లలు తల్లి మాట వినడం మానేస్తారు. తల్లులు "మీ నాన్నకు చెప్తా" అని బెదిరిస్తారు. దాంతో వారానికొకసారి ఫోన్లో కనబడే తండ్రి తిట్టే మనిషిగా మిగిలిపోతాడు. రెండేళ్ళకు ఇంటికొస్తే చిన్నది తలుపు వెనక నిలబడి చూస్తుంది, ఒళ్ళోకి రాదు.

చేయదగ్గవి: ఫోను రోజూ ఒకే వేళకు ఉండాలి, పది నిమిషాలైనా చాలు. యూఏఈలో వాట్సాప్ కాల్ కలవదు, బోటిమ్ లాంటిది ముందే రెండు ఫోన్లలో వేసి చూసుకోవాలి. కాల్‌లో మార్కులు అడగొద్దు, పుస్తకం తెరిచి పేజీ చూపించమనాలి. తల్లిదండ్రుల సమావేశం రోజు టీచరుతో తండ్రి వీడియోలో రెండు నిమిషాలు మాట్లాడొచ్చు, ఏ టీచరూ కాదనడు. ఇంకొకటి, ఆధార్ బయోమెట్రిక్ 5 ఏళ్ళకు, 15 ఏళ్ళకు మార్పించాలి. తల్లి కూడా దేశంలో లేకపోతే ఈ పని జారిపోతుంది, స్కాలర్‌షిప్ దగ్గర ఆగుతుంది.

కోనసీమ_కాలువ
తల్లి వెళ్ళిన ఇంట్లో, పెద్దపిల్ల చదువే మొదట పోయేదండి మాస్టారూ. వంట ఆ పిల్ల మీదే పడుతుంది.

బడిపంతులు
నిజం. పదో తరగతి పిల్ల సోమవారాలు రావడం లేదంటే ఇంట్లో బట్టలుతుకుతోందని అర్థం. అలాంటి పిల్లలకు హాస్టలు సీటు గురించి మేమే ముందు అడగాలి, వాళ్ళు అడగరు.

వరినారు
పొలం ముచ్చట కూడా రాసుకో @సంఘం_లెక్కలు. మగోళ్ళు పోయిన ఊళ్ళల్ల నాట్లకు బీహార్, బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నయి. ఎకరానికి గుత్త. మాట్లాడేది మేస్త్రీతోని, అందుకే గుత్తల ఏమేం కలిసినయో ముందే తేల్చుకోవాలె: నారు పీకుడు, మోసుడు, వరుసకు తాడు కట్టుడు, ఉండే జాగ, బియ్యం. అడ్వాన్సు సగం దాటియ్యొద్దు. వాళ్ళకు కూడా ఊరుంది, ఇల్లుంది, మనోళ్ళు దుబాయిల ఎట్లనో వాళ్ళు మన మడిల అట్లనే. మంచినీళ్ళు, పండుకునే కప్పు, పైసలు చేతికి ఆ రోజే. ఇవి ఇచ్చిన ఇంటికి మళ్ళ యేడు పిలువకున్నా వస్తరు.

షార్జా_రూమ్‌మేట్
పోయేటోని బ్యాగుల ఊరంతా పార్శిళ్ళు పెడ్తది, సకినాలు, తొక్కు, ఎవరివో మందులు. గసగసాలు ఒక్క గింజ కూడా పెట్టొద్దు! కోడికూర మసాల పొడిల కలిపినయి కూడా వద్దు. యూఏఈ, సౌదీ, ఖతార్‌ల అవి మత్తు పదార్థం లెక్క, జైలే. నొప్పి గోలీలు, నిద్ర గోలీలు పక్కింటోళ్ళ కోసం అయితే తీసుకపోవద్దు. తనవే అయితే డాక్టరు చీటీ ఉండాలె, ఇంకా కొన్నిటికి ముందే పర్మిషన్ కావాలె. మూట కట్టిచ్చిన పార్శిలు విప్పి చూసినంకనే పెట్టుకోవాలె. సుట్టాలు కోపం జేసుకున్నా సరే.

సంఘం_లెక్కలు
గసగసాల మాట మా దిక్కు సగం మందికి తెల్వదు. ఇగ అడగబుద్ధి కానిది అడుగుత. మనిషి అక్కడనే చనిపోతే?

అకామా_98
వరుసగ రాస్త.
ముందు ఆ ఇద్దరి రూమ్‌మేట్ల నుంచి ఏ దవాఖాన, ఏ పోలీస్ స్టేషన్ అన్నది తెలుసుకోవాలె. మదద్‌ల అదే రోజు నమోదు చెయ్యాలె. దీనికి పాసుపోర్టు నంబరు కావాలె, ఫైలు ఇక్కడ పనికొస్తది. భార్య నుంచి సమ్మతి పత్రం అడుగుతరు: శవం ఇంటికి పంపాల్నా, అక్కడనే చేయాల్నా. సౌదీ అయితే వారసులందరు కలిసి అక్కడి ఒక మనిషికి పవర్ ఇయ్యాలె. పేరుల ఒక్క అక్షరం పాసుపోర్టుతో తేడా ఉన్నా వాపసు వస్తది. తర్వాత అక్కడి డెత్ సర్టిఫికెట్, పోలీసు క్లియరెన్సు, ఎంబసీ నిరభ్యంతర పత్రం, పాసుపోర్టు రద్దు, ఎంబామింగ్ (శవం పాడుగాకుండ మందు పెట్టుడు), విమానం. గుండెపోటైతే తొందరగ కదుల్తది. ప్రమాదం, ఆత్మహత్య అయితే ఫోరెన్సిక్ ఉంటది, వారాలు పడ్తది.

ఖర్చు కంపెనీ పెట్టుకోవాలె. పెట్టుకోకపోతే ఎంబసీల ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉన్నది, అడగాలె. శంషాబాద్ నుంచి ఊరికి అంబులెన్సు రాష్ట్ర ఎన్నారై విభాగం ఉచితంగ ఇస్తది, ముందే చెప్పాలె.

దుఃఖంల ఉన్నప్పుడు అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టమంటరు. "బాకీ ఏం లేదు" అని ఉండొచ్చు. చదివిచ్చుకోకుండ పెట్టొద్దు. రావలసినయి ఉంటయి: ఆగిన జీతం, గ్రాట్యుటీ. యూఏఈల ఏడాది దాటితే మొదటి అయిదేండ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, తర్వాత 30 రోజులు. సౌదీల మొదటి అయిదేండ్లకు సగం నెల, తర్వాత నెల. చనిపోతే అవి వారసులయి.

నోటరీ_బల్ల
తెలంగాణ వాళ్ళకు ఇంకొకటి చేర్చండి. 2023 డిసెంబరు 7 నుంచి గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షలు ఇస్తుంది, సహజ మరణమైనా సరే. దరఖాస్తు కలెక్టరేట్‌కు, ఆరు నెలల్లోపు. రద్దైన పాసుపోర్టు, డెత్ సర్టిఫికెట్, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, భార్య ఖాతా వివరాలు ఉండాలి. శవంతో వచ్చే కాగితాల కవరు ఎయిర్‌పోర్టులో ఎవరి చేతికో ఇచ్చి మరిచిపోతారు. అందులో అసలు కాగితాలే ఉంటాయి.

పసుపుకొమ్ము
చనిపోకుండ, బతికే ఉండి ఫోను ఎత్తనోని సంగతి కూడా చెప్పుర్రి. ఆమె బొట్టు పెట్టుకోవాల్నో వద్దో తెల్వక బతుకుతది.

నోటరీ_బల్ల
నాలుగు దారులు. మదద్‌లో "జాడ తెలియడం లేదు" అని ఫిర్యాదు. జైల్లో ఉన్నాడేమో కూడా ఎంబసీ కనుక్కోగలదు. జాడ ఉండీ పైసలు పంపకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144 కింద భరణం, ఆమె ఉన్న ఊరి కోర్టులోనే. ముసలి తల్లిదండ్రులకు 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర దరఖాస్తు, నెలకు 10 వేల దాకా. అసలు ఏ కబురూ లేకుండా ఏడేళ్ళయితే చనిపోయినట్టు భావించమని కోర్టును అడగొచ్చు. దానికి ఏడేళ్ళ కింద ఫిర్యాదు చేసిన కాగితం ఉంటే బలం. మొదటి నెలలోనే పెట్టమనేది అందుకే.

వరినారు
నిద్రపట్టక, గుండెదడతో ఉండే ఆడోళ్ళకు టెలీ-మానస్ 14416 కూడా రాయి, మనసు బాధలకు సర్కారు ఫోను. తెలుగుల మాట్లాడ్తరు, పైసలు పడవు.

ఊరి_పెద్దాయన
బ్యాంకు_టోకెన్ చెప్పిన 5వ తారీకు పద్ధతి బాగున్నది. గట్లయితే పైసలు కోడలి ఖాతాలనే పడనియ్యుర్రి, నాకు ఇగ అడ్డం లేదు. గని ప్రోనోటు ఎవల పేరు మీద ఉన్నదో, ఇప్పటిదాక ఎంత కట్టిండ్రో కూడా ఆ ఫైలుల ఒక కాగితం మీద రాసిపెట్టాలె. అప్పు తీరినప్పుడు ప్రోనోటు వాపసు తీసుకొని అదే ఫైలుల పెట్టాలె.

సంఘం_లెక్కలు
రాసుకున్న పెద్దాయనా. ఇంకొక్కటి. ఇప్పటికే పోయి ఉన్నోళ్ళు రెండు నెలల సెలవు మీద వస్తరు గదా. వాళ్ళకు ఏది ముందు?

బ్యాంకు_టోకెన్
వచ్చిన మొదటి వారమే బ్యాంకు. నామినీ, జాయింటు, మాండేట్, నంబరు మార్పు అన్నీ ఒక్క పూటలో అవుతాయి, అతను ఎదురుగా ఉండాలి అంతే. రెండో వారం రేషన్ కార్డు ఈకేవైసీ, వేలిముద్ర అతనిదే కావాలి. పెళ్ళిళ్ళు, మొక్కులు ఆ తర్వాత. చివరి వారానికి వదిలేస్తే సర్వర్ డౌన్ అంటారు, టికెట్టు ఆగదు.

సంఘం_లెక్కలు
బతాకా మీద అంత అరబ్బీలనే ఉన్నది, గడువు ఎప్పుడున్నదో ఇంట్ల ఎట్ల తెలుస్తది?

షార్జా_రూమ్‌మేట్
కొన్నిటి మీద ఇంగ్లీషు కూడా ఉంటది, మళ్ళ చూడు. లేకపోతే ఫోను కెమెరా ట్రాన్స్‌లేట్‌ల పెట్టి చూడుర్రి. సౌదీ అకామా మీద అయితే హిజ్రీ తారీకు ఉండొచ్చు, 1447 అట్ల ఉంటే బెదురొద్దు, హిజ్రీ కన్వర్టర్‌ల కొడితే మన తారీకు వస్తది. ఆ తారీకు క్యాలెండర్ మీద గుండ్రం చుట్టి, దానికి నెల ముందు ఆయనను అడగమనుర్రి.

సంఘం_లెక్కలు
మంచిది. ఇంటింటికి ఒక క్యాలెండర్ ఎట్లాగూ ఉంటది.